జబ్బూ బెదురూ ఉన్న కుక్కను దత్తత తీసుకునేవారికి

సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చుకోబోయే కుక్కకు అనారోగ్యమూ భయమూ రెండూ ఉన్నాయని తెలిసినప్పుడు చాలామంది మందుల సంగతి పశువైద్యుడికీ, ప్రవర్తన సంగతి శిక్షకుడికీ అప్పగిస్తే సరిపోతుందనుకుంటారు. ఆచరణలో ఈ రెండింటినీ విడదీయలేము. నడుము నొప్పి ఉన్న కుక్క వీపు మీద చెయ్యి వేయగానే గుర్రుమంటే దాన్ని మొండిదంటాము. చెవిలో చీము పట్టిన కుక్క తల నిమరబోతే తప్పుకుంటే దానికి మనుషులంటే బెదురంటాము. శబ్దాలకు భయపడే కుక్కల గురించి 2018లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, కండరాల నొప్పో కీళ్ల నొప్పో ఉన్న కుక్కలకు ఆ భయం నొప్పి లేనివాటికంటే పెద్ద వయసులో మొదలైనట్టు కనిపించింది, అంటే ఆ భయానికి నొప్పి కూడా ఒక కారణం అయి ఉండవచ్చు. అందువల్ల ముందు శరీరాన్ని పరీక్ష చేయించడం, తరువాత కొన్ని వారాలు ప్రశాంతంగా ఉండనివ్వడం, ఆ తరువాతే శిక్షణ మొదలుపెట్టడం సరైన వరుస.

ఒప్పుకునే ముందు

కేంద్రంవారిని అడిగేటప్పుడు “ఆరోగ్యం ఎలా ఉంది?” అని కాకుండా, ఏ పరీక్ష ఏ తేదీన చేశారు, ఏ మందు ఎంత మోతాదులో ఇంకా ఎన్నాళ్లు వాడాలి, టీకాలు, నట్టల మందు చివరిసారి ఎప్పుడు ఇచ్చారు అని అడిగి, కాగితాల నకళ్లు తీసుకోవాలి. తేదీ ఎందుకు ముఖ్యమో హార్ట్‌వార్మ్ విషయంలో స్పష్టంగా తెలుస్తుంది. దోమకాటు ద్వారా ఒంట్లోకి చేరి గుండెలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పెరిగే ఈ పురుగు ఎదగడానికి సుమారు 6 నెలలు పడుతుంది. సాధారణంగా చేసే రక్తపరీక్ష ఎదిగిన ఆడ పురుగులను మాత్రమే పసిగడుతుంది. కాబట్టి ఈరోజు పురుగు లేదని వచ్చినా, ఇటీవలి నెలల్లో సోకి ఉంటే అది బయటపడదు. 6 నెలల తరువాత మళ్లీ పరీక్ష చేయించవలసిందే.

పురుగు ఉందని తేలిన కుక్కను తీసుకోవడం తప్పేమీ కాదు, కానీ చికిత్స ఎలా సాగుతుందో ముందే తెలుసుకోవాలి. సాధారణంగా సుమారు నెల రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడతారు. ఆ తరువాత పురుగులను చంపే మెలార్సొమిన్ అనే మందును నడుము కండరంలో ఒకసారి, మళ్లీ నెల గడిచాక వరుసగా రెండు రోజులు ఇస్తారు. చనిపోయిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అడ్డుపడే ప్రమాదం ఉన్నందువల్ల ఈ కాలమంతా, చివరి ఇంజెక్షన్ తరువాత మరికొన్ని వారాల పాటు, కుక్క పరుగెత్తకూడదు, గెంతకూడదు. నెమ్మదస్తురాలైన కుక్కకు ఇది విసుగు మాత్రమే. మూసిన తలుపు చూస్తేనే వణికే కుక్కకు అన్ని నెలల కట్టడి పెద్ద పరీక్ష, పైగా భయంతో అది పెనుగులాడితే గుండె మీద భారం పెరుగుతుంది. ఇలాంటి కుక్క విషయంలో కట్టడిని ఎలా అలవాటు చేయాలి, ఆందోళన తగ్గించే మందు అవసరమా అన్న ప్రశ్నలను మొదటి ఇంజెక్షన్‌కు ముందే వైద్యుడితో తేల్చుకోవాలి.

స్వభావం గురించి కూడా సంఘటనలనే అడగాలి: ఎవరినైనా కరిచిందా, తింటున్నప్పుడు దగ్గరకు వెళితే ఏం చేస్తుంది, ఒంటరిగా వదిలితే ఏం జరిగింది. కేంద్రంలో మూల నక్కి కదలకుండా కూర్చున్న కుక్కను నెమ్మదైనదని ఎంచుకోవడం తరచు జరిగే పొరపాటు. అది భయంతో బిగుసుకుపోయి ఉండవచ్చు, ఇంట్లో కాస్త ధైర్యం వచ్చాక అసలు స్వభావం బయటపడుతుంది. వీలైతే వేర్వేరు రోజుల్లో, ఒకసారి ఆవరణ బయట కూడా చూడాలి. కొన్నాళ్లు తాత్కాలికంగా పెంచి ఆ తరువాత నిర్ణయించుకునే వెసులుబాటు ఉంటే తప్పక వాడుకోవాలి. మూర్ఛ, థైరాయిడ్ లోపం వంటివాటికి చాలావరకు జీవితాంతం మందులుంటాయి. ఆ ఖర్చునూ, వేళకు మందు వేసే మనిషినీ ముందే ఏర్పాటు చేసుకోలేనివారు ఇలాంటి కుక్కను తీసుకోకపోవడమే దానికి మేలని నా అభిప్రాయం.

మొదటి రోజులు

బెదురుగొడ్డు కుక్కలు ఎక్కువగా తప్పిపోయేది కొత్త ఇంటికి చేరిన తొలి రోజుల్లోనే. మెడ పట్టీ ఒక్కటే నమ్ముకోకుండా ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ బిగించే పట్టీ) కూడా తొడిగి, రెండింటికీ వేర్వేరు తాళ్లు కట్టాలి. కారు తలుపు తెరిచే ముందే తాడు చేతిలో ఉండాలి. చర్మం కింద అమర్చే గుర్తింపు మైక్రోచిప్ ఉంటే దాని నమోదును ఆ రోజే మీ పేరుకు మార్పించుకోండి.

ఇంట్లో రాకపోకలు తక్కువగా ఉండే ఒక గదినిచ్చి, నీళ్లు, పడక, దాక్కునే చోటు అమర్చి వదిలేయాలి. బంధువులను పిలిచి చూపించడం, వైద్యుడు చెప్పకుండానే స్నానం చేయించడం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అప్పుడే వద్దు. ఇంట్లో మరో కుక్క ఉంటే కనీసం రెండు వారాలు వేరుగా ఉంచాలి. పార్వో, డిస్టెంపర్ వంటి అంటువ్యాధులు సోకిన వెంటనే బయటపడవు, పార్వో వైరస్ అయితే నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది.

బక్కచిక్కిన కుక్కకు జాలితో గిన్నె నిండా తిండి పెట్టడం ప్రమాదకరం. చాలాకాలం ఆకలితో ఉన్న శరీరానికి ఒక్కసారిగా ఆహారం అందితే రక్తంలో ఫాస్ఫరస్ వంటి లవణాలు ప్రాణాంతకంగా పడిపోవచ్చు. వైద్యుడు చెప్పిన కొలతలో రోజుకు అనేకసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. ఇటువంటి ఇబ్బంది లేని కుక్కకైనా కేంద్రంలో తిన్న ఆహారాన్నే కొనసాగిస్తూ, 7 నుంచి 10 రోజుల్లో క్రమంగా కొత్తదానికి మార్చాలి.

వైద్యం

కొద్ది రోజుల్లోనే మొదటి పరీక్ష చేయించాలి. వెళ్లే ముందు ఇంట్లో గమనించినవి రాసుకుంటే ఎంతో ఉపకరిస్తుంది: గాఢనిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది (30 దాటుతూ ఉంటే గుండెనో ఊపిరితిత్తులనో అనుమానించాలి), మెట్లెక్కడానికి జంకుతోందా, ఏ వైపు తాకితే ఒళ్లు బిగిస్తోంది. ఆసుపత్రిలో భయంతో బిగుసుకున్న కుక్క కుంటకపోవచ్చు, అందుకే ఇంట్లో నడిచేటప్పుడు తీసిన వీడియో చూపించడం మేలు. మరీ బెదిరేదైతే ప్రయాణానికి ముందు వేయడానికి బెదురు తగ్గించే గాబాపెంటిన్ గానీ ట్రాజొడోన్ గానీ వైద్యుడే సూచిస్తారు. మనుషులు వాడే ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ వంటి నొప్పి మాత్రలను మీ అంతట మీరు ఎప్పుడూ వేయకూడదు.

శరీరానికి ఇచ్చే మందులు, మనసుకు ఇచ్చే మందులు ఒకదానితో ఒకటి తగులుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. దురదకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడే కుక్కకు దాహం, ఆకలి, మూత్రం అన్నీ పెరుగుతాయి. అది ఇంట్లో పోసిందని కోప్పడటం అన్యాయం, దాన్ని మరిన్నిసార్లు బయటకు తీసుకెళ్లడమే పరిష్కారం. పిడుదులకు, గజ్జికి వాడే అమిట్రాజ్‌ను, ఆందోళనకు ఇచ్చే ఫ్లుఓక్సెటిన్‌ను కలిపి వాడకూడదు. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు ఫ్లుఓక్సెటిన్ సాధారణంగా ఇవ్వరు. ఇద్దరు వైద్యుల దగ్గర చూపిస్తున్నట్లయితే పిడుదుల పట్టీ, షాంపూలతో సహా వాడుతున్నవన్నీ ఇద్దరికీ చెప్పాలి. ఫ్లుఓక్సెటిన్ ప్రభావం కనిపించడానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు కాబట్టి వారంలో మార్పు లేదని మానేయడం తగదు. కుక్క మందకొడిగా పడి ఉంటే భయం పోయిందని కూడా అనుకోకూడదు: ఏసిప్రొమజిన్ అనే మత్తుమందు ఒంటిని కదలనివ్వదు గాని భయాన్ని పెద్దగా తగ్గించదు.

మందు వేయడం రోజూ జరిగే పని కనుక నమ్మకం పెరిగేదీ తరిగేదీ ఎక్కువగా అక్కడే. నోరు బలవంతంగా తెరవకుండా మాత్రను తిండిలో దాచి పెట్టాలి; తిండితో కలపకూడని మందైతే వైద్యుడిని వేరే రూపంలో అడగాలి. చెవి చుక్కలకైతే సీసాను దూరంగా చూపి ఇష్టమైన ముక్క పెట్టడం, తరువాత సీసాను దగ్గరకు తెచ్చి పెట్టడం, ఆపై చెవిని తాకి పెట్టడం అనే క్రమంలో కొన్ని రోజులు సాగితే పట్టుకుని నొక్కిపెట్టవలసిన అవసరం తగ్గుతుంది. ఏ చికిత్సైనా దాని పడక మీద మాత్రం చేయకూడదు. ఆ చోటు దానికి పూర్తిగా భద్రమైనదిగా మిగలాలి.

భయం

పెదవులు నాకడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, ముఖం తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, తోక కాళ్ల మధ్య ముడుచుకోవడం గుర్రుమనడానికి ముందు కనిపించే హెచ్చరికలు. గుర్రుమన్నందుకు దండిస్తే భయం తగ్గదు, హెచ్చరిక మాత్రమే పోతుంది, తరువాత నేరుగా కాటే పడుతుంది. పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, కళ్లలోకి చూడకుండా, అదే దగ్గరకు వచ్చేదాకా ఆగాలి. భయపడినప్పుడు ఓదార్చితే భయం ముదురుతుందన్న మాట నిజం కాదు. అది ఆసరా కోరి వస్తే ఇవ్వవచ్చు.

భయపెట్టే వస్తువునో మనిషినో అది గమనించినా కంగారుపడనంత దూరంలో ఉంచి, కనిపించిన ప్రతిసారీ మంచి తిండి ఇస్తూ, రోజులు గడిచేకొద్దీ దూరం తగ్గించాలి. తినడం మానేసిందంటే మరీ దగ్గరకు తెచ్చారని అర్థం. ఒంటరితనానికి కూడా ఇదే పద్ధతి: కెమెరా పెట్టి, అది కంగారుపడకుండా ఉండగలిగే కొన్ని సెకన్లతోనే మొదలుపెట్టి పెంచుతూ పోవాలి, ఈ సాధన సాగినంతకాలం మిగతా వేళల్లో ఎవరో ఒకరు ఇంట్లో ఉండేలా చూడాలి. హడలిపోయే కుక్కను బోనులో పెట్టి తాళం వేస్తే పళ్లు, గోళ్లు విరగ్గొట్టుకుంటుంది. మూతిచిక్కానికి కూడా తిండితో మెల్లగా అలవాటు చేయాలి. నోరు తెరిచి వగర్చడానికి వీలుండే బుట్ట రకమే ఎంచుకోండి.

ఇంత చేసినా కొన్ని ఇళ్లకు కొన్ని కుక్కలు కుదరవు. చిన్నపిల్లలున్న ఇంట్లో కాటు పడిన తరువాత పట్టుదలకు పోవడం మంచిది కాదు. అప్పుడు తెలియనివారి చేతిలో పెట్టకుండా, మీరు రాసుకున్న వివరాలు, మందుల చీటీలు, పరీక్షల కాగితాలు, కాటు ఏ పరిస్థితిలో పడిందన్న సంగతి అన్నీ జతచేసి, తెచ్చుకున్న కేంద్రానికే అప్పగించాలి. దత్తత పత్రంలో ఈ ఏర్పాటు ఉందో లేదో సంతకం చేసే రోజే చూసుకోండి.