ట్రోలింగ్ రాడ్ సొంతంగా కట్టుకోవాలంటే ఏం చూసి కొనాలి

చెన్నైలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం కదా, కాశిమేడు ఫిషింగ్ హార్బర్‌లో పెద్ద బోట్లన్నీ కట్టేసే ఉంటాయి, మమ్మల్ని తీసుకెళ్ళే బోటన్న కూడా ఇంజన్ విప్పి పెట్టుకుంటాడు. సరిగ్గా ఆ రెండు నెలలే నేను చేపలు పట్టే రాడ్లు కట్టేది. ఇప్పటికి నాలుగు కట్టా, మూడు సముద్రంలోకి వస్తాయి, మొదటిది గోడకి ఆనించి ఉంది. దాని కథ కింద చెప్తా.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకోండి, ట్రోలింగ్ రాడ్ మన చేతిలో ఉండదు. బోటు ఆరేడు నాట్స్ స్పీడ్ మీద పోతుంటే వెనక లూర్ (చేపలా కనపడే ఉత్తుత్తి ఎర) లాగుతూ గంటలు గంటలు హోల్డర్లోనే ఉంటుంది, చేప పడ్డాకే మనం అందుకునేది. రోజంతా విసిరే క్యాస్టింగ్ రాడ్ అయితే తేలిగ్గా ఉండాలి నిజమే, దీనికి ఆ బాధ లేదు. అయినా మనవాళ్ళు ఎక్కువ ఫుల్ కార్బన్ బ్లాంక్‌కే ఎగబడతారు, రేటు చూసి గొప్పదనుకుని. బ్లాంక్ అంటే ఇంకా ఏమీ తగిలించని ఉత్త రాడ్ కర్ర. కార్బన్ గట్టిదే, కానీ బోటు అంచుకి ఠంగుమని తగిలిన చోట కంటికి కనపడని గాటు పడుతుంది, తర్వాతెప్పుడో పెద్ద చేప లాగేటప్పుడు సరిగ్గా అక్కడే పుటుక్కుమంటుంది. ఫైబర్ గ్లాస్ దెబ్బలు ఓర్చుకుంటుంది, పైగా బాగా వంగుతుంది, బ్రెయిడ్ లైన్ (పోగులు అల్లిన దారం) అసలు సాగదు కాబట్టి ఆ కుదుపు తినడానికి ఏదో ఒకటి వంగాలి కదా. గ్లాస్, లేదంటే గ్లాస్ కార్బన్ కలిపిన కాంపోజిట్, నా ఓటు వీటికే.

ఎంత పవర్ ఉండాలనేది మీ రీల్, మీ లైన్ చెప్తాయి. మన దగ్గర ఎక్కువగా పడేది వంజరం, షీలా (బారకూడా), సూర (ట్యూనా), అదృష్టం బాగుంటే మయిల్ మీను (సెయిల్ ఫిష్). వీటికి 30 పౌండ్ల క్లాస్ బ్లాంక్ (అంత బలమున్న లైన్‌కి సరిపడేది), ఆరు నుంచి ఆరున్నర అడుగులది చాలు. డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు లైన్ వదిలే రీల్ బ్రేక్, ఎలాగూ లైన్ బలంలో మూడో వంతుకి మించి పెట్టం, అంటే నాలుగు కేజీలు, నాలుగున్నర. ఇంకోటి, ర్యాపాలా ఎక్స్ ర్యాప్ మాగ్నమ్ 30 లాంటి లూర్లు, 30 అడుగుల లోతుకి దిగేవి వాడతారా? చేప లేకుండానే అవి రాడ్‌ని విల్లులా వంచి పెడతాయి. టిప్ మరీ మెత్తనైతే చేప కొట్టినప్పుడు ఇంక వంగడానికేం మిగలదు, కొంచెం గట్టి టిప్ చూసుకోండి.

బ్లాంక్ మీద మిగిలిన డబ్బు గైడ్ల మీద, అంటే లైన్ దూరి వెళ్ళే రింగుల మీద పెట్టండి. రోలర్ గైడ్లు (తిరిగే చిన్న చక్రం మీద లైన్ నడిచేవి) చూడ్డానికి భలే ఉంటాయి, నేనూ మోజుపడ్డా. కానీ ప్రతి ట్రిప్ తర్వాత మంచినీళ్ళతో కడిగి ఆయిల్ వెయ్యకపోతే ఉప్పు పట్టి బిగుసుకుపోతాయి, తిరగని రోలర్ కంటే మామూలు రింగే నయం. సన్న బ్రెయిడ్ అయితే రోలర్ పక్క సందులో దూరి ఇరుక్కుంటుంది కూడా. 80 పౌండ్లు ఆ పైన మందపాటి మోనో (ఒకే పోగు నైలాన్) లైన్‌తో వేటాడేవాళ్ళకి సరే, మన 30కి రెండు కాళ్ళున్న హెవీ డ్యూటీ రింగ్ గైడ్లు బెస్ట్, ఫుజీ ఆల్కోనైట్ రింగులు నాకు బాగా పనిచేశాయి. పాత రాడ్ నుంచి పీకిన గైడ్లు వాడేటట్టయితే ఇయర్ బడ్ రింగ్ లోపల గుండ్రంగా తిప్పండి, దూది పోగు ఎక్కడన్నా పట్టుకుందంటే అక్కడ చీలిక ఉన్నట్టే, ఆ రింగ్ బ్రెయిడ్‌ని బ్లేడులా కోసేస్తుంది.

ఎన్ని గైడ్లు అని అందరూ అడుగుతారు. ఆరడుగులకి టిప్ దగ్గరది కాక ఏడు దాకా పట్టొచ్చు, కానీ లెక్క చూసి కాదు, టేపుతో అంటించి, లైన్ ఎక్కించి, నాలుగు లీటర్ల నీళ్ళున్న క్యాన్ కట్టి లేపి చూడండి. రీల్ పైన ఉండే రాడ్ కదా, వంగినప్పుడు లైన్ ఎక్కడన్నా బ్లాంక్‌ని తాకితే అక్కడికి గైడ్ జరపాలి, లేదా ఇంకోటి పెట్టాలి.

ఇప్పుడు గోడకి ఆనించిన రాడ్ సంగతి. రీల్ సీట్ (రీల్ బిగించే గొట్టం) లోపలి కొలత బ్లాంక్ కంటే పెద్దగా ఉంటుంది, ఆ ఖాళీ నింపాలి. నేను మాస్కింగ్ టేప్ సీట్ పొడవునా నిండుగా చుట్టేసి పైన జిగురు పూసి తోసేశా. రెండో ట్రిప్‌లో మంచి చేప పడింది, రాడ్ ఎత్తగానే రీల్ మెల్లగా పక్కకి తిరగడం మొదలెట్టింది, నేను దాన్ని పట్టుకోవాలా చేపని లాగాలా, బోటన్న ఒకటే అరుపు, చేప పోయింది. ఇంటికొచ్చి కోసి చూస్తే లోపల టేప్ నీళ్ళు తాగి మెత్తగా ముద్దయి ఉంది, జిగురు బ్లాంక్‌కి తగల్లేదసలు. అందుకే గట్టి ఫోమ్ ఆర్బర్లు (ఆ ఖాళీ నింపే రింగులు) కొనండి, టేపే వాడాలంటే సన్న పట్టీలుగా చుట్టి మధ్యలో ఖాళీలు వదిలి అవి ఎపాక్సీ జిగురుతో నింపండి. సీట్ అల్యూమినియంది, రెండు లాక్ నట్లున్నది తీసుకోండి.

రాడ్ కింది కొసన గింబల్ ఉంటుంది కదా, ప్లస్ గుర్తు లాంటి గాడి, అది హోల్డర్ అడుగున అడ్డంగా ఉన్న పిన్నులో కూర్చోవాలి. జిగురు ఆరకముందే ఆ గాడి, రీల్, గైడ్లు ఒకే లైన్లో ఉన్నాయా చూసుకోండి, లేదంటే హోల్డర్లో రీల్ ఎప్పుడూ పక్కకి వాలే ఉంటుంది. అన్నట్టు ముందు గ్రిప్ ఎక్కించి తర్వాతే గైడ్లు కట్టాలి, నవ్వకండి, మర్చిపోయినవాళ్ళు ఉన్నారు.

గైడ్లు చుట్టి కట్టే దారం డి సైజ్ తీసుకోండి. పైన పూసే ఎపాక్సీ రెండు భాగాలు సరిసమానంగా కలపాలి, కంటి లెక్క కాదు, విడివిడి సిరంజీలతో కొలిచి. మే నెల ఎండకి అది గిన్నెలో చకచకా చిక్కబడిపోతుంది, కొంచెం కొంచెమే కలుపుకోండి. గాల్లో తేమ ఎక్కువున్న రోజు పూస్తే పైన తెల్లగా పొర కడుతుంది, ఏసీ గదిలో చేస్తే ఆ గొడవ తగ్గుతుంది. కారిపోకుండా రాడ్ మెల్లగా తిరుగుతూ ఉండాలి, దానికి మైక్రోవేవ్ ప్లేట్ తిప్పే చిన్న మోటర్ సరిపోతుంది, నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది, చెన్నై ఎలక్ట్రానిక్స్ బజార్ రిచీ స్ట్రీట్‌లో అడగండి, 220 240 వోల్టులదే తీసుకోండి. కొత్తదే కొనండి, ఇంట్లో ఓవెన్ మాత్రం విప్పకండి, ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్లో కరెంటు నిలవ ఉంటుంది. నేను మాత్రం పాడైపోయిందని పక్కన పడేసిన ఓవెన్నుంచి మెకానిక్ చేత తీయించా, అది పాడవలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.