మూడు నెలల షుగర్ టెస్టు రిపోర్టు ఎట్టా చూసుకోవాలంటే

మా నాయనకి ఒక అలవాటుండాది, టెస్టు రెండు రోజులుందనగా రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు తిని, మూడోరోజు పొద్దున్నే ల్యాబుకి పోయి, పరగడుపున 118 వచ్చిందని నెల్లూరు నుంచి కావలి దాకా చుట్టాలందరికీ ఫోన్లు. పోయినసారి డాక్టరు హెచ్‌బీఏ1సీ, అదే ఈ మూడు నెలల షుగర్ టెస్టు, కూడా రాశాడు, 8.4 వచ్చింది. మిషన్ తప్పు చూపించిందంటాడు ఈయన.

మిషన్ తప్పేం కాదు. రక్తంలో షుగర్ పోయి ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కి అంటుకుంటది, ఒకసారి గట్టిగా పట్టిందంటే ఆ కణం చచ్చేదాకా వదలదు, కణం బతికేది దాదాపు 120 రోజులు. 8.4 అంటే నూటికి అంత హిమోగ్లోబిన్‌కి షుగర్ పట్టిందని. రెండు రోజుల పుల్కాలకి అది లొంగదు, ఈ టెస్టుకి పరగడుపుతో కూడా పనిలేదు, టిఫిన్ తిని పోయినా ఒకటే.

ముందు మీ నంబర్‌ని 28.7తో గుణించి 46.7 తీసెయ్యండి, సుమారు సగటు షుగర్ వస్తది. 7కి 154, 8కి 183, మా నాయన 8.4కి 194. మరి పరగడుపున 118 ఏంది అంటే, మిగతా రోజంతా ఎక్కడో ఎగబాకతా ఉందని అర్థం. వారం రోజులు గ్లూకోమీటర్‌తో అన్నం తిన్న రెండు గంటలకి చూసి రాసుకోండి, దొంగ దొరుకుతాడు. మా ఇంట్లో దొరికింది ఆదివారం మధ్యాహ్నం, చేపల పులుసు ఉందని మూడోసారి అన్నం పెట్టించుకున్నాక 261. పాపం చేపది కాదులే, అన్నానిది.

ఇంకోటి, మూడు నెలలూ సమానంగా లెక్కకి రావు. సుమారు సగం ఆఖరి నెలదే, వెనక నెలల వాటా తగ్గుకుంటా పోద్ది. సంక్రాంతికి అరిసెలు దంచి ఫిబ్రవరి మొదట్లో టెస్టు చేయించారనుకోండి, ఆ పండగ నెలే ఎక్కువ మాట్లాడతది, కాబట్టి రిపోర్టు పక్కన క్యాలెండర్ పెట్టుకుని నెల వెనక్కి చూడండి, పెళ్ళిళ్ళు, జ్వరాలు, స్టెరాయిడ్ మందులు ఏమన్నా ఉన్నాయేమో. మందులు మార్చి నెల తిరక్కుండానే మళ్ళీ చేయించి తగ్గలేదని ఏడవడం కూడా వద్దు, పాత కణాలు ఇంకా ఉంటాయి, మూడు నెలలు ఆగండి.

5.7 లోపు మామూలు, 6.4 దాకా షుగర్ వచ్చే ముందు దశ, 6.5 నుంచి షుగరే. ఆల్రెడీ షుగర్ ఉన్నోళ్ళకి 7 లోపు చాలంటారు, పెద్ద వయసు వాళ్ళకి డాక్టర్లు ఇంకొంచెం పైన కూడా ఒప్పుకుంటారు.

కానీ ఐరన్ తక్కువై రక్తం లేనోళ్ళకి ఈ నంబర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నోళ్ళు, కిడ్నీ జబ్బు ముదిరినోళ్ళు, గర్భిణులు కూడా దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు, ఆ సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.