బాదం పాలు ఇంట్లోనే తీయడం ఎలా?

బాదం పాలు తీయడం కష్టమేమీ కాదు. కానీ నానబెట్టేటప్పుడు, పిండేటప్పుడు తొందరపడితే మాత్రం నీళ్ల పాలే మిగులుతాయి.

కప్పు పచ్చి బాదం తీసుకోండి. వేయించినవి, ఉప్పు పట్టించినవి వద్దు. కడిగి, బాగా మునిగేలా నీళ్లు పోసి 8 నుంచి 12 గంటలు ఉంచండి. వంటగది వేడిగా ఉంటే గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది. నానాయో లేదో గంట చూసి కాదు, గింజను పట్టుకుని తెలుసుకోవాలి. రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు పొట్టులోంచి జారి బయటికి రావాలి. కొరికితే నడిమధ్యన కూడా మెత్తగా తగలాలి. టైం లేకపోతే మరిగిన నీళ్లు పోసి గంటసేపు ఉంచినా పని జరుగుతుంది. పొట్టు తీస్తే పాలు తెల్లగా, వగరు లేకుండా వస్తాయి.

నానిన నీళ్లు పారబోసి, పప్పు మళ్లీ కడిగి మిక్సీలో వేయండి. నీళ్లన్నీ ఒకేసారి పోయకండి, పప్పు గిరగిరా తిరుగుతుందే తప్ప నలగదు. ముందు అరకప్పుతో ముద్దలా రుబ్బి, ఆ తర్వాత మిగతావి పోయండి. మొత్తం 3 కప్పులైతే చిక్కటి పాలు, 4 అయితే తాగడానికి వీలుగా ఉంటాయి.

పలుచని నూలుబట్టలో పోసి, మూటగట్టి, మెలితిప్పుతూ పిండండి. ధార ఆగి చుక్కలు పడుతున్నప్పుడే వదిలేస్తారు చాలామంది. అక్కడ ఇంకో రెండు నిమిషాలు ఓపిక పట్టండి, పిప్పి పొడిపొడిగా రాలాలి.

జీడిపప్పుకైతే ఇంత శ్రమ లేదు. 2 నుంచి 4 గంటలు నానితే చాలు, మెత్తగా రుబ్బితే వడకట్టే పనే ఉండదు.

సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే 3, 4 రోజులు ఉంటాయి. కాసేపటికి అడుగున తేటనీరు, పైన మీగడలా విడిపోతాయి. పాడయ్యాయని టెన్షన్ పడకండి, ఊపితే కలిసిపోతాయి. పుల్లటి వాసన వచ్చినా, జిగురు సాగినా పారబోయాల్సిందే.

కాఫీలో పోయగానే విరిగిపోతున్నాయా? కాఫీలోని పులుపు, వేడి కలిసి చేసే పని అది. పాలను గోరువెచ్చగా చేసి, అందులోకి కాఫీని నెమ్మదిగా వంపండి.

ఇవి ఆవుపాలకు సమానం అనుకోవద్దు. కప్పు ఆవుపాలలో సుమారు 8 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, వీటిలో చాలా తక్కువ. కాల్షియమూ అంతే. ఏడాది లోపు పిల్లలకు తల్లిపాలకో, ఫార్ములా పాలకో బదులుగా వీటిని పట్టకండి. గింజల అలర్జీ ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు.

పిప్పి పారేయకండి. పళ్లెంలో పలుచగా పరిచి, ఓవెన్‌లో సన్నటి వేడి మీద తడి ఆరేదాకా ఉంచి పొడి చేసుకుంటే బిస్కెట్ల పిండిలో కలపవచ్చు.