అమెరికా బ్యాంకులో తుపాకీ: చట్టం కన్నా ముందు మీ వీసా చూసుకోండి

టెక్సస్‌లోని డాలస్, ఆస్టిన్ వైపు కొత్తగా వచ్చినవాళ్ళు తరచు అడిగే సందేహం ఇది. బ్యాంకులో వరుసలో నిలబడ్డ మనిషి చొక్కా కాస్త పైకి లేచినప్పుడు నడుముకు పిస్తోలు కనిపిస్తుంది. గుమ్మం దగ్గర డబుల్ బ్యారెల్ తుపాకీ పట్టుకుని కూర్చునే గార్డును చూసి పెరిగిన మనకు, ఖాతాదారు దగ్గర ఆయుధం ఉండడం ఊహకు అందదు. ఇది నేరం కాదా అని అడుగుతారు. చాలా రాష్ట్రాల్లో కాదు. అయితే ఆయనకు నేరం కానిది మీకు పెద్ద నేరం కావచ్చు. అందుకే బ్యాంకు సంగతి తరువాత చెబుతాను.

ముందు వీసా. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, పర్యాటక వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల బి-2, ఇవన్నీ తాత్కాలిక ప్రవేశపు వీసాలే. వీటి మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటా వర్తించే కేంద్ర చట్టం, నిషేధిస్తుంది. రాష్ట్రం ఎంత ఉదారంగా ఉన్నా ఈ నిషేధం పోదు. 2022లో వచ్చిన సవరణ తరువాత గరిష్ఠ శిక్ష 10 ఏళ్ళ నుంచి 15 ఏళ్ళకు పెరిగింది. గ్రీన్‌కార్డు దరఖాస్తు వేసి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నారు కదా అని మినహాయింపు ఏమీ లేదు. కార్డు చేతికి వచ్చేదాకా మీరు ఈ జాబితాలోనే ఉన్నట్టు భావించండి.

దగ్గర ఉంచుకోవడం అంటే కొనడం ఒక్కటే కాదు. స్నేహితుడు సరదాగా షూటింగ్ రేంజికి తీసుకువెళ్ళి చేతికిచ్చినా అది లెక్కలోకి వస్తుంది. 2019లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రెహైఫ్ కేసు అలాగే మొదలైంది. విద్యార్థి వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన యువకుడిని మార్కులు రాక విశ్వవిద్యాలయం తొలగించింది. ఆ తరువాత అతను ఒక రేంజికి వెళ్ళి తుపాకీ పేల్చాడు, కేసులో ఇరుక్కున్నాడు. తన వీసా హోదా పోయిందన్న సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని సుప్రీంకోర్టు చెప్పి, కింది కోర్టు తీర్పును పక్కన పెట్టింది. తీర్పు కాస్త అనుకూలంగానే వచ్చింది, కానీ అది వచ్చేలోగా ఎంత కాలం, ఎంత డబ్బు కరిగిపోయి ఉంటాయో మీరే ఊహించుకోండి.

వేట లైసెన్సు తీసుకుంటే ఈ నిషేధం వర్తించదన్న మాట మీ చెవిన పడుతుంది. చట్టంలో ఆ మినహాయింపు నిజంగానే ఉంది. కానీ వేట లైసెన్సు చూపించి పిస్తోలును చొక్కా కింద పెట్టుకుని బ్యాంకుకు వెళ్ళవచ్చని ఆ మినహాయింపు చెప్పదు. వెంట తీసుకువెళ్ళే హక్కు రాష్ట్ర చట్టం నుంచి రావాలి. దుకాణంలో నింపే ఫెడరల్ ఫారంలో వీసా గురించి ప్రశ్న ఉంటుంది, అక్కడ తప్పు జవాబు రాయడం విడిగా మరో నేరం. నా దృష్టిలో, ఇంత చిక్కున్న దారిలో ఉద్యోగాన్నీ వీసానూ పణంగా పెట్టడం తెలివైన పని కాదు.

గ్రీన్‌కార్డు ఉన్నవారు కొనవచ్చు, ఉంచుకోవచ్చు. అయితే వలస చట్టంలో ఒక నిబంధన ఉంది: తుపాకీని చట్టవిరుద్ధంగా కొన్నా, ఉంచుకున్నా, వెంట తీసుకువెళ్ళినా, ఆ నేరానికి శిక్ష పడితే దేశం నుంచి పంపించివేయవచ్చు. పౌరుడైతే జరిమానా కట్టి ఇంటికి పోతాడు. మీరు మాత్రం జరిమానా కట్టే ముందే వలస చట్టం తెలిసిన న్యాయవాదిని కలవాలి, ఎందుకంటే నేరం ఒప్పుకుని జరిమానా కట్టడం కూడా శిక్షగానే నమోదు కావచ్చు.

ఇక బ్యాంకు సంగతి. డిపాజిట్లకు ఫెడరల్ బీమా ఉన్నంత మాత్రాన బ్యాంకు ప్రభుత్వ భవనం అయిపోదు. ఫెడరల్ ఉద్యోగులు పనిచేసే భవనాల్లో తుపాకీని నిషేధించే చట్టం మామూలు బ్యాంకు శాఖకు వర్తించదు. పక్కనే ఉన్న పోస్టాఫీసు సంగతి వేరు. అక్కడ నిబంధనల ప్రకారం పార్కింగ్ స్థలంలో కూడా తుపాకీ ఉండకూడదు, దానిపై కోర్టుల్లో సవాళ్ళు నడుస్తున్నాయి. పాఠశాలకు 1000 అడుగుల లోపు దారిలో వెళ్ళేవారికి, ఆ రాష్ట్రపు లైసెన్సు లేకపోతే, ఫెడరల్ చట్టంతో మరో తలనొప్పి.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టపరమైన అడ్డంకి లేనివారు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. పాఠశాలలు, పోలింగ్ కేంద్రాలు, న్యాయస్థానాలు, ప్రధానంగా మద్యం మీదే ఆదాయం వచ్చే బార్లు నిషిద్ధ స్థలాల జాబితాలో ఉన్నాయి, బ్యాంకులు లేవు. కానీ యజమాని వద్దని చెప్పవచ్చు. బ్యాంకు అద్దం తలుపు మీద ఇంగ్లీషులో, స్పానిష్‌లో పొడుగాటి పాఠం, అంగుళానికి తగ్గని అక్షరాలతో, టెక్సస్ శిక్షాస్మృతి సెక్షన్ 30.06 అనే అంకెతో కనిపిస్తే, లైసెన్సు ఉన్నవారు దాచుకున్న తుపాకీతో లోపలికి రావద్దని అర్థం. 30.07 అయితే బయటికి కనిపించేలా తేవద్దని. లైసెన్సు లేనివారి కోసం 30.05 బోర్డు వేరుగా ఉంటుంది. బోర్డు చూసీ వెళితే మామూలుగా 200 డాలర్ల వరకు జరిమానా. సిబ్బంది నోటితో వెళ్ళమన్నాక కూడా కదలకపోతే నేరం ఒక్కసారిగా రెండు మెట్లు పైకెక్కుతుంది, జైలు శిక్ష దాకా పోతుంది.

ఫ్లోరిడాలో లెక్క మరోలా ఉంటుంది. అక్కడ వెళ్ళమన్న తరువాత తుపాకీతో నిలబడితే అది మూడో స్థాయి ఫెలొనీ (తీవ్రమైన నేరం), ఐదేళ్ళ దాకా శిక్ష. ఒక రాష్ట్రంలో అలవాటైన ధీమాతో మరో రాష్ట్రంలో తిరగకూడదని ఇందుకే అంటాను. టెక్సస్ లైసెన్సును కాలిఫోర్నియా గుర్తించదు, సరిహద్దు దాటగానే అది వట్టి కాగితం.

కాలిఫోర్నియా కథ ఇంకా ఆసక్తికరం. 2022లో సుప్రీంకోర్టు న్యూయార్క్ కేసులో, తుపాకీ మీద ఆంక్షలకు చారిత్రక సంప్రదాయం ఉండాలని చెప్పాక, కాలిఫోర్నియా, హవాయి కొత్త జాబితాలు రాసుకున్నాయి. రెండూ బ్యాంకులను నిషిద్ధ స్థలాలుగా పెట్టాయి. 2024 సెప్టెంబరులో ఆ రెండు రాష్ట్రాల ఫెడరల్ అప్పీళ్ళు వినే తొమ్మిదో సర్క్యూట్ కోర్టు ఆ జాబితాల్లో చాలా వాటిని సమర్థించి, బ్యాంకుల నిషేధంతో పాటు మరికొన్నింటిని నిలిపివేసింది. రాజ్యాంగం రాసిన కాలంలోనూ బ్యాంకులున్నాయి, తుపాకులున్నాయి, అయినా అప్పట్లో అటువంటి నిషేధం లేదన్నది ఆ వాదన సారం. ఇక్కడ బ్యాంకును బడితో పోల్చి ఊహించుకోవడం కుదరదన్నమాట.

ఇక మీరు చూసేవైపు ఉంటే? మనిషి మామూలుగా తన పని చేసుకుంటుంటే కంగారు పడవద్దు, ఫోటో తీయవద్దు, మాట్లాడి వాదించవద్దు. ఇబ్బందిగా ఉంటే బయటికి వచ్చి, మరో సమయానికి వెళ్ళండి. తుపాకీ మాట తీసుకుని సరదాగా జోకులు వేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, బ్యాంకు కౌంటరు దగ్గర హాస్యానికి స్థానం లేదు.

బ్యాంకుకు పిల్లలతో వెళుతుంటే వాళ్ళ సంచీ కూడా ఒకసారి చూసుకోండి. దీపావళికి ఊరి నుంచి తెచ్చిన రీళ్ళ తుపాకీలో అమెరికా చట్టం బొమ్మ తుపాకులకు విధించిన నారింజ రంగు మొన ఉండకపోవచ్చు. దూరం నుంచి చూసేవారికి అది బొమ్మో కాదో తెలియదు.

చివరగా లాకరు. గ్రీన్‌కార్డు వచ్చాక పిస్తోలు కొని, ఇంట్లో పిల్లలున్నారని బ్యాంకు లాకరులో పెడదామనుకునేవారు ఉంటారు. లాకరు ఒప్పందాల్లో ఆయుధాలు, మందుగుండు పెట్టరాదని సాధారణంగా రాసి ఉంటుంది, సంతకం పెట్టే ముందు ఆ పేరా చదవండి. నగలు పెట్టుకునేవారికి మరో మాట: ఖాతాలోని డబ్బుకు 2,50,000 డాలర్ల వరకు ఉండే ఫెడరల్ బీమా, లాకరులోని వస్తువులకు వర్తించదు. వాటికి బీమా విడిగా తీసుకోవాలి.