ఇంగ్లిష్ ‘గో’ను చెక్ భాషలో ఎలా చెప్పాలి?

‘గో’కి చెక్‌లో ఒక్క మాట సరిపోదు. ముఖ్యంగా నాలుగు ఉన్నాయి: యీత్, ఖొద్యిత్, యెత్, యెజ్ద్యిత్. నాలుగూ ‘వెళ్ళడమే’ అయినా, ఒకదాని చోట ఇంకొకటి వాడితే వినేవాళ్ళకు వేరే సంగతి అర్థమవుతుంది. సరైనదాన్ని ఎంచుకోవడానికి రెండు ప్రశ్నలు వేసుకోవాలి.

పలకడం గురించి ముందే ఒక మాట. చెక్‌లో ‘జే’ అక్షరాన్ని ‘య’గా పలకాలి. ‘సీ హెచ్’ జంట గొంతులోంచి రాపిడితో వచ్చే ‘ఖ’. ఊనిక మాటలో మొదటి భాగం మీద పడుతుంది. ఇక్కడి తెలుగు రాత దగ్గరి ఉచ్చారణ మాత్రమే కాబట్టి ఆడియో విని సరిచూసుకోండి.

1. నడిచా, బండిలోనా?

నడిచి వెళ్తే యీత్, బండిలోనో రైల్లోనో వెళ్తే యెత్. తెలుగువాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే మనకు రెండింటికీ ‘వెళ్ళు’ చాలు. ప్రాగ్ నుంచి బ్ర్నో సుమారు 200 కిలోమీటర్లు. ‘య్దు దొ బ్ర్న’ (బ్ర్నోకు వెళ్తున్నాను; ‘య్దు’ యీత్‌కు ‘నేను’ రూపం) అంటే అంత దూరమూ నడిచి వెళ్తున్నారనుకుంటారు. యెత్ నుంచి వచ్చే ‘యెదు’తో ‘యెదు దొ బ్ర్న’ అనాలి. ఊళ్ళోనే సినిమాకో షాపుకో వెళ్తూ, ఎలా వెళ్తున్నారన్నది ముఖ్యం కానప్పుడు మాత్రం ట్రామ్ ఎక్కినా ‘య్దు’ అనేస్తారు. మామూలు మాటల్లో ఇది ‘దు’గా వినిపిస్తుంది.

2. ఈసారికా, అలవాటుగానా?

ఒకసారి, ఒక వైపుకు వెళ్ళడమైతే యీత్, యెత్. తరచూ వెళ్ళి వస్తుంటే ఖొద్యిత్, యెజ్ద్యిత్. ‘వెళ్తున్నాను’, ‘వెళ్తుంటాను’ తేడా మనకు ఉంది కాబట్టి ఇది సులువే. ‘వెళ్తాను’ను మాత్రం నమ్ముకోవద్దు. ‘రేపు వెళ్తాను’, ‘రోజూ వెళ్తాను’ రెండూ అంటాం, చెక్‌లో ఆ రెండింటికీ వేర్వేరు క్రియలు. బడిలో చదువుతున్నామని చెప్పడానికి, బస్సులో వెళ్ళినా సరే, ‘ఖొద్యీమ్ దొ ష్కొలి’ అంటారు. ఇంకో జాగ్రత్త: ఫలానా వ్యక్తితో ‘ఖొద్యీమ్’ అంటే ప్రేమలో ఉన్నామని అర్థం. స్నేహితుడితో కలిసి ఎక్కడికో వెళ్తుంటే ‘య్దు’ అనండి.

3. కాలం మార్చడం

భవిష్యత్తును సూచించే ‘బుదు’ అనే సహాయక మాటను చేర్చి ‘బుదు యీత్’ అనకూడదు. నడిచి అయితే ‘పూయ్దు’, బండిలో అయితే ‘పొయెదు’. అలవాటు క్రియలకు మాత్రం ‘బుదు’ కుదురుతుంది: ‘బుదు ఖొద్యిత్’. భూతకాలంలో ‘నేను వెళ్ళాను’ అనడానికి మగవాళ్ళు ‘షెల్ సెమ్’ అంటారు, ఆడవాళ్ళు ‘ష్ల సెమ్’ అనాలి. తెలుగులో ‘నేను’తో లింగభేదం లేదు కాబట్టి ఇది మొదట్లో మరిచిపోతుంటాం.

4. ఎక్కడికి?

మన ‘కు’కి అక్కడ మూడు రూపాలు. ఆఫీసుకు ‘దొ ప్రాత్సె’, రైల్వే స్టేషన్‌కు ‘న నాద్రజీ’. డాక్టర్ దగ్గరికి అయితే ‘క్ లేకర్జి’. మనుషుల విషయంలో మనం ‘దగ్గరికి’ అన్నట్టే వాళ్ళు ‘క్’ వాడతారు. ‘దొ’, ‘న’ల మధ్య ఎంపికకు పూర్తి సూత్రం లేదు, ప్రతి చోటు పేరునూ దాని ముందు వచ్చే మాటతోనే కంఠస్థం చేయండి. ఇంటికి మాత్రం ముందు అలాంటి మాటేదీ లేకుండా ‘దొమూ’. ఏ బండిలో వెళ్తున్నారో చెప్పడానికి దాని పేరు చివర మారుస్తారు: రైల్లో ‘వ్లకెమ్’, బస్సులో ‘అఉతొబుసెమ్’.

5. బోర్డుల మీద పోల్చుకోవడం

ఖొద్యిత్, యెజ్ద్యిత్‌ల తేడా వీధిలో బోర్డుల మీద కూడా కనిపిస్తుంది. మనుషులు లోపలికి వెళ్ళే దారి ‘ఫ్ఖొత్’, బయటికి వచ్చేది ‘వీఖొత్’. వాహనాలకు అవే ‘వ్యెస్త్’, ‘వీయెస్త్’. రోడ్డు దాటే చోటు ‘ప్ర్షెఖొత్’. స్టేషన్‌లో బండి రాక ‘ప్ర్షీయెస్త్’, పోక ‘ఒద్యెస్త్’. చివర ‘ఖొత్’ ఉంటే నడక, ‘యెస్త్’ ఉంటే బండి అని గుర్తుపెట్టుకుంటే ఇలాంటి బోర్డులు చాలావరకు చదవగలరు. ‘ఒప్ఖొత్’ మాత్రం షాపు.

క్రియల ముందు కూడా ఇలాంటి ఉపసర్గలు చేరతాయి. ‘ప్ర్షియీత్’ నడిచి రావడం, ‘ఒదెయీత్’ వెళ్ళిపోవడం. ‘నయీత్’ అంటే ఏకంగా వెతికి పట్టుకోవడం, కనుక్కోవడం! ఇంకో చిక్కు: ‘ప్ర్షియ్దు’ చూడ్డానికి వర్తమానంలా ఉన్నా, అర్థం ‘వస్తాను’ అనే భవిష్యత్తు. డిక్షనరీలో ఇలాంటి క్రియలు జంటలుగా ఉంటాయి. మాటిమాటికీ జరిగేదానికి ‘ప్ర్షిఖాజెత్’ తీసుకోవాలి.

6. ‘గో’ ఉన్నా వెళ్ళడం లేనప్పుడు

ఇంగ్లిష్‌లో ‘గోయింగ్ టు బై’ అంటే కొనబోతున్నానని. అక్కడ యీత్ అక్కర్లేదు, ‘కొఉపీమ్’ చాలు. పాలు పాడైతే ‘స్కజిత్ సె’. ‘వాట్స్ గోయింగ్ ఆన్’కి ‘త్సొ సె ద్యెయె’. దీనికి తిరగబడిన సంగతీ ఉంది. కౌంటర్ దగ్గర ‘తొ నెయ్దె’ అని బదులొస్తే యీత్ వినిపిస్తుంది కానీ నడకతో సంబంధం లేదు. కుదరదని చెబుతున్నారు. ఎలా ఉందని అడిగినప్పుడు ‘య్దె తొ’ అంటే పర్వాలేదని.