ఏటి గట్టు మీద పాత మండపాన్ని నిలబెట్టాలంటే

ఇరిగేషన్‌లో ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. ఏటి ఒడ్డున పాత గుడో మండపమో జారిపోతోందని పిలిస్తే ఇప్పటికీ వెళ్తాను. వెళ్లగానే అందరూ అడిగేది ఒకటే: "సార్, గోడ ఎంత ఎత్తు కట్టాలి?"

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేనూ అలాగే ఆలోచించాను. గోస్తనీ ఒడ్డున ఒక మండపానికి మంచి సిమెంటు గోడ కట్టించాను. రెండో వానాకాలానికి అది ఏట్లోకి ఒరిగి పడుకుంది. గోడకు ఒక్క పగులు లేదు, దాని కింద మట్టే లేదు. ఏరు కోసేది పైన కాదు, గట్టు పాదం దగ్గర.

అందుకే ముందు ఒక వానాకాలం ఊరికే చూడండి. గట్టు అంచుకు బాగా వెనక ఇనుప మేకులు దిగ్గొట్టి, అక్కడి నుంచి అంచు ఎంత దూరమో పదిహేను రోజులకోసారి కొలిచి రాసుకోండి. మేకు మండపం రాతిలో మాత్రం కొట్టకండి, మా వర్క్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన కొట్టేశాడు! వరద వచ్చిన రోజు కన్నా అది తీసిన రెండో రోజు తప్పకుండా వెళ్లండి. గట్టు ఎక్కువగా కూలేది అప్పుడే. లోపల మట్టి నీళ్లు తాగి బరువెక్కి ఉంటుంది, బయట ఆనుకుని నిలబెట్టిన నీరు దిగిపోతుంది. అంచుకు సమాంతరంగా నెర్రె కనిపిస్తే బంకమట్టితో పూడ్చి, జనాన్ని అటు వెళ్లనీయకండి.

తర్వాత పైనీళ్లు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసే ఉంటారు. ఏ నదీ అక్కర్లేదు, వాన నీరే అంత లోతు గండ్లు కోసింది. గుడి ఆవరణలో వాన నీరు, కుళాయి నీరు, అభిషేకం నీరు అన్నీ గట్టు అంచు మీదుగానే పోతుంటాయి. వాటిని చప్టా కాలవలో పెట్టి, దిగువకు తీసుకెళ్లి వదలండి. ఖర్చు తక్కువ. దీనికి ఎవరూ శిలాఫలకం వేయరు కాబట్టి చేయరు.

ఇక అసలు పని. వరదలో ఏరు ఎంత లోతు కోస్తుందో చెప్పే లేసీ సూత్రం మన కాలేజీ రోజులదే: వరద ప్రవాహాన్ని సిల్ట్ ఫ్యాక్టర్‌తో (ఏటి అడుగు ఇసుక ఎంత ముతకో చెప్పే అంకె) భాగించి, ఘనమూలం తీసి, 0.473తో గుణించాలి. 500 క్యూమెక్కుల (సెకనుకు అన్ని ఘనపు మీటర్ల) వరద, ఫ్యాక్టర్ 1 అనుకుంటే 3.75 మీటర్లు వస్తుంది. మండపం ఉన్నది గట్టి వంపులో అయితే దానికి 1.75 రెట్లు, అంటే గరిష్ఠ వరద మట్టం నుంచి సుమారు 6.5 మీటర్ల లోతు దాకా కోత పడొచ్చు. ఏటి అడుగు ఆ వరద మట్టానికి 4 మీటర్ల కింద ఉంటే మిగిలింది రెండున్నర మీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లు, దాదాపు 4 మీటర్ల వెడల్పున గట్టు పాదం దగ్గర ఏటి అడుగు మీద విడి రాళ్ల పరుపు, అంటే రాతి ఆప్రాన్ పరవాలి. కింద ఇసుక కోసుకుపోయే కొద్దీ రాళ్లు జారి ఆ వాలును కప్పుతాయి. అవి జారాలనే వేస్తాం, కాబట్టి సిమెంటు పెట్టి అతికించొద్దు.

గట్టును రెండు అడుగుల అడ్డానికి ఒక అడుగు ఎత్తు చొప్పున వాలు చేసి, జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద రాతి రివిట్‌మెంట్ (వాలును కప్పే రాతి పరుపు) వేయండి. ఈ గుడ్డ మానేస్తే రాళ్ల సందుల్లోంచి మట్టి కారిపోతుంది. పైన వట్టివేరు నాటండి. ఈ రాతి పరుపు ఎగువ, దిగువ చివరలు రెండూ గట్టులోకి లోతుగా దూర్చాలి, లేకపోతే నీరు వెనక నుంచి తొలుస్తుంది. ఒడ్డు నుంచి ఏట్లోకి అడ్డంగా కట్టే గ్రోయిన్ల జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి, ప్రవాహం అవతలి ఊరి మీదకి మళ్లొచ్చు.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడమైతే, 2010 సవరణ ప్రకారం 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. ఎస్టిమేటు వేయకముందే వాళ్లతో కూర్చోండి. పునాది పక్కన జేసీబీ వద్దు, మనుషులతోనే తవ్వించండి. ఏటిలో పని మాత్రం వేసవిలోనే ముగించాలి.

మొదటి వరదకే ఆప్రాన్ కొంత దిగుతుంది. అది తప్పు కాదు, మళ్లీ రాళ్లు వేయాలి. అందుకని రాళ్ల కుప్ప ఒకటి సైట్‌లోనే ఉంచి, ఒక్కో రాయికీ తెల్ల పెయింటుతో నంబరు వేయించండి. లేకపోతే సంక్రాంతి లోపే అవి ఎవరింటి పునాదిలోనో ఉంటాయి.