కొండకర్ల ఆవకి బాతులు చూడ్డానికి వెళ్లే ముందు

చలికాలం వచ్చిందంటే వైజాగ్ నుంచి కొండకర్ల ఆవ అనే సరస్సుకి పక్షుల్ని చూడ్డానికి బయల్దేరేవాళ్లు ఎక్కువ. వెళ్లే ముందు ఇవి చూసుకోండి.

ముందుగా అన్నిటికన్నా ముఖ్యమైనది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతుల్ని, నీటికోళ్లని వేటాడడం నేరం. "మా పొలంలో వాలింది, మా ఇష్టం" అంటే చెల్లదు. భూమి సొంతదైనా పక్షి సొంతం కాదు, పొలం యజమాని ఒప్పుకున్నా నేరం నేరమే. తుపాకీ పేల్చడమొక్కటే వేట అనుకోకండి: ఉచ్చు పన్నడం, వల వేయడం, ఎర పెట్టడం, గూడు పాడుచేయడం, గుడ్లు తీయడం అన్నీ వేట కిందికే వస్తాయి. మామూలు కేసుల్లో మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కొన్ని జాతులకి శిక్ష ఇంకా ఎక్కువ.

గట్టు మీద అడుగు పెట్టే ముందు రైతుని అడగండి. "అన్నా, ఈ గట్టు మీంచి ఫొటోలు తీసుకోవచ్చా?" అంటే చాలామంది రమ్మంటారు. వద్దంటే రోడ్డు మీంచే చూడండి.

గడ్డిలో ఉచ్చులు గమనించండి. చిన్న వెదురు పుల్లకి కట్టిన నైలాన్ దారం, చివర జారుముడి. ఎండ పడితే తప్ప కనపడదు. కనిపిస్తే ఫొటో తీసి, లొకేషన్‌తో అటవీ శాఖకి పంపండి. పన్నినవాళ్లతో గొడవ పెట్టుకోవద్దు.

బైనాక్యులర్స్, నీళ్ల సీసా, టోపీ. డ్రోన్ ఇంట్లోనే ఉంచండి, ఆ చప్పుడుకి గుంపంతా లేచిపోతుంది.

ఎవరైనా అడవి బాతు మాంసం అమ్మజూపితే కొనకండి, కొనడమూ నేరమే.